జబ్బ మీద రెండు గుర్తులు

బాసగూడ సంతలో ఉప్పు బస్తాల పక్కన గొంతుక్కూర్చుని రాఘవులు మేస్త్రీ చక్కెర దీవికి పోవాలంటే ఏమేం ఉండాలో చెబుతున్నాడు. అతనిది గోదావరి అవతలి ఊరు. ఏడాదికి రెండుసార్లు తాలిపేరు ఏరు దాటి ఇటు వస్తాడు. వచ్చినప్పుడల్లా పది పదిహేనుమందిని వెంటబెట్టుకుని పోతాడు. పోయినవాళ్ళలో ఇంకా ఎవరూ తిరిగి రాలేదు.

"దీవి పేరు ట్రినిడాడు. నోరు తిరగకపోతే చక్కెర దీవి అనుకోండ్రి. చెరుకు తోటల పని. సంతకు పోయినట్టు ఊరికే పోయి దిగేది కాదది. చెన్నపట్నంల ఓడ ఎక్కాలన్నా, అక్కడ దిగాలన్నా కాయితాలుండాలె."

"ఏం కాయితాలయ్యా?"

"ముందుగాల ఇక్కడి ఠాణా చీటీ. నిరుడు గొడవలల్ల వీడు బాణం పట్టలేదని మున్షీ రాసియ్యాలె. అది లేనోణ్ణి రేవు దాటనియ్యరు. తర్వాత వయసు. ముప్పై దాటొద్దు. ఆడమనిషైతే ఎవరి మనిషో చెప్పాలె. మొగుడుంటే మొగుడు పక్కన నిలబడాలె. లేకపోతే నాకెవరూ లేరని తన నోటితో తానే చెప్పాలె. మొగుడు ఒద్దన్న మనిషిని తీస్కపోతే నన్ను లోపలేస్తరు." మేస్త్రీ ఎడమ జబ్బ మీది బట్ట పైకి లాగాడు. "ఇగ ఆఖరిది ఇది. టీకా."

చింతగింజంత గుంట మచ్చలు రెండు కనబడ్డాయి.

"ఇది లేకపోతే రాజమండ్రిల ఒక డాక్టరు ఆపుతడు. చెన్నపట్నంల ఇంకొకడు ఆపుతడు. ఈ ఇద్దరి కండ్లు కప్పినా, దీవి దగ్గర దొర డాక్టరు ఓడలకే వచ్చి అందరి జబ్బలు చూస్తడు. గుర్తు లేనోణ్ణి పక్కన చిన్న తిప్ప మీద దింపి కూసోబెడతరు. అన్నీ సరిగ్గుంటే మెడల రేకు బిళ్ళ. దాని మీద నంబరు. అది మెడల ఉన్నంతసేపు నిన్ను అడిగేటోడు లేడు."

"ఎడ్లకు గంట కట్టినట్టు," అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఎడ్లకు పని ఒడిసినాక భూమి ఇస్తర్రా?" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు.

నవ్వకుండా నిలబడినవాడు ముసలయ్య. భూమి అన్న మాట దగ్గర అతను తల ఎత్తడం మేస్త్రీ చూశాడు.

"నీ పేరేంది?"

"ముసలయ్య."

"ముప్పై దాటొద్దంటుంటే ముసలయ్యనంటవేందిరా! తాత పేరా?"

"తాత పేరే."

"ఆ తాతకు పెండ్లయిందా?"

"అయింది."

మేస్త్రీ పక్కకు జరిగి చోటిచ్చాడు. నూరుగురు మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు లేకపోతే ఓడ కదలనివ్వరు. ఒంటి మగవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతారు. జంట దొరకడమే అతనికి కష్టం.

ముసలయ్యకు చెలక ఉండేది. తండ్రి కొట్టిన పోడు. అడవికి హద్దులు వేసిన ఏడాది, రాజ్యం మనుషులు సున్నం పూసిన రాళ్ళు పాతుకుంటూ వచ్చారు. చెలక రాళ్ళకు లోపల పడింది, గుడిసె బయట పడింది. ఇంట్లో ఉండు, చేనులో అడుగు పెట్టకు అన్నాడు జంగిల్ గార్డు. ఆ తర్వాత అడవి జనం రాజ్యం మీద తిరగబడి గొడవలు వచ్చాయి. ముసలయ్య బాణం పట్టలేదు. పట్టనందుకు ఊరివాళ్ళు తిట్టారు. గొడవలు అణిగాక పోలీసులు వెట్టికి పట్టుకుపోయారు. బీజాపూర్ దాకా వాళ్ళ సామాన్లు మోసి తిరిగి వచ్చేసరికి ఇంట్లో బిడ్డ లేదు. అమ్మవారు పోసింది. రెండేళ్ళ పిల్ల. పూడ్చిన చోట రాళ్ళు పేర్చి ఉంటే చూసి వచ్చాడు.

అమ్మ తీసుకుపోయిన బిడ్డ తల్లి ఏడాది పాటు ఒంటికి ఇనుప మొన తగలనివ్వదు. సూదిగానీ, కత్తి కొసగానీ. పచ్చబొట్టు పొడిపించుకోదు. కాలిలో ముల్లు దిగితే ఇంకో ముల్లుతోనే తీసుకుంటుంది. ఏడాది నిండిన రోజు ఏదో ఒక నీళ్ళ ఒడ్డున బిడ్డ పేర బియ్యం పెడుతుంది. అప్పుడు అమ్మ ఆ బిడ్డను మళ్ళీ అదే కడుపుకు ఇస్తుంది. మధ్యలో మొన తగిలిందా, ఇవ్వదు. ముసలయ్య వాళ్ళలో ఇది ఆనవాయితీ. పక్క ఊళ్ళ దోర్ల తెగవాళ్ళకు లేదు.

అతని భార్య సోమమ్మ ఆ బియ్యం అప్పుడే మూటగట్టి ఇంటి వాసానికి వేలాడదీసింది.

దీవి సంగతి అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది. "అక్కడ నీళ్ళుంటయా?"

"చుట్టూ నీళ్ళేనంట."

"అయితే బియ్యం అక్కడ పెట్టొచ్చు."

"ఏడు నిండేటాలకు ఓడ మీదనే ఉంటమంటుండు మేస్త్రీ."

"ఓడ కింద ఉండేది నీళ్ళే గదా."

ముసలయ్య నవ్వాడు. ఆ నవ్వు మీదే చెప్పేస్తే పోతుందని, "టీకా కూడా ఉండాలె," అన్నాడు.

సోమమ్మ చేతిలో కుండ కింద పెట్టింది. "సూదా?"

"చిన్న కత్తి. గీస్తరు."

"నేను రాను."

"ఏడు ఎప్పుడు నిండుద్ది?"

"వానలు పడే ముందల."

మేస్త్రీ పోయేది ఎండలు ముదరకముందే. అతను మళ్ళీ వచ్చేది వరి కోతల తర్వాత. అందాకా ఏం తినాలో ఇద్దరికీ తెలియదు.

"నువ్వు పో," అంది సోమమ్మ.

"నేనొక్కణ్ణే పొయ్యి ఏం చెయ్యాలె?"

"చక్కెర తిను."

ముసలయ్య గడప మీద కూర్చున్నాడు. ఊళ్ళో పశువులకు గుర్తులు వేసేది అతనే. నల్లజీడి గింజను నిప్పుల మీద వేడి చేసి ముల్లుతో పొడిస్తే నల్లటి నూనె ఊరుతుంది. చాకలివాళ్ళు బట్టలకు పెట్టేది ఆ నూనెతోనే. తోలు మీద చుక్క పెడితే కాలి, పొక్కి, ఎండి, గుంట పడుతుంది. బతికినన్నాళ్ళు పోదు. సంతలో మేస్త్రీ జబ్బ చూసినప్పుడు అతనికి ఎడ్ల తొడల మీది మచ్చలే గుర్తొచ్చాయి.

"జీడి పెడత," అన్నాడు. "గుచ్చేది లేదు, గీసేది లేదు. చుక్క పెట్టుడే."

"దేనితోటి?"

"ముల్లుతోటి. ముల్లు ఇనుము కాదు గదా."

సోమమ్మ ఆలోచించింది. "జీడి పడని ఒళ్ళు ఉంటదంటరు."

"నీకు పడదా?"

"ఎన్నడు ముట్టుకున్న? మా అమ్మోళ్ళది బయలు ఊరు. అక్కడ జీడి చెట్టే లేదు."

"నా చేతులకు ఎన్నడు ఏం కాలే."

ఆవుల తోలు సంగతి తెలిసినంతగా ఆడమనిషి తోలు సంగతి అతనికి తెలియదు. ముందు తన జబ్బ మీద రెండు చుక్కలు పెట్టుకున్నాడు. పళ్ళు బిగబట్టి కొంచెంసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత సోమమ్మ జబ్బ మీద పెట్టాడు. చింతగింజ పక్కన పెట్టి చూసి, అంతే మేర. ఆమె కళ్ళు మూసుకుని పెదవులు కదిలిస్తూ కూర్చుంది. అమ్మవారికి ఏదో చెప్పుకుంటున్నట్టుంది.

ఠాణా చీటీ సులువుగానే దొరికింది. వెట్టి మోసినవాడని మున్షీకి గుర్తుంది. మొగుడు పేరూ పెళ్ళాం పేరూ ఒకే చీటీ మీద రాసి ఇచ్చాడు.

ముసలయ్య చుక్కలు ఎండి పెచ్చు కట్టాయి. సోమమ్మవి ఎండలేదు. రసి కారింది. జబ్బ వాచింది, మోచేయి దాకా దిగింది. చింతాకు నూరి పట్టు వేశారు, మజ్జిగతో కడిగారు. నిద్రలో గోక్కున్న చేత్తోనే ఆమె మొహం రుద్దుకుంది. బయలుదేరే రోజుకు కళ్ళు రెండూ మూసుకుపోయాయి. పెదవులు తిరగబడ్డాయి. మెడ మీద, బుగ్గల మీద నీటి పొక్కులు.

"ఈసారికి మానుకుందాం," అన్నాడు ముసలయ్య.

"మానుకొని ఏం తింటం? చెయ్యి పట్టుకొని నడిపియ్యి. దారిల తగ్గుద్ది."

బియ్యం మూట నడుముకు కట్టుకుని, నెత్తి మీద చెంగు కిందికి లాక్కుని ఆమె లేచింది.

తాలిపేరు రేవు దగ్గర ఆ రోజు మామూలుగా లేదు. ఎగువ దోర్ల ఊళ్ళలో రెండింట అమ్మవారు పోసిందని, జగదల్‌పూర్ నుంచి రాజ్యం టీకా బాబును పంపింది. ఒంటి మీద పొక్కులున్నవాళ్ళెవరూ ఏరు దాటకూడదని హుకుం. ఇసుక మీద దూరంగా కొమ్మలూ ఆకులూ కప్పి ఒక గుడిసె వేశారు. జబ్బు మనుషులు అందులో ఉన్నారు. వాళ్ళకు నీళ్ళు పోసేది హిడ్మే అనే దోర్ల ముసలామె. చిన్నప్పుడే అమ్మవారు పోసి బతికిన మనిషి, మొహం నిండా గుంటలు. ఆమెకు మళ్ళీ రాదు.

టీకా బాబు బల్ల వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి జబ్బ చూసి పంపుతున్నాడు. ముసలయ్య వంతు వచ్చింది. బాబు పెచ్చుల మీద చూపు ఆనించి, "కొత్తగా వేయించావా?" అన్నాడు.

"అవును బాబూ."

"మంచిది. పో. నీ ఔరత్?"

మేస్త్రీ ముందుకు వచ్చాడు. "ఇద్దరిదీ ఒకటే చీటీ బాబూ. ఆడమనిషి సిగ్గుపడుతుంది."

"నేను మొగుణ్ణా, సిగ్గుపడటానికి? ముసుగు తియ్యి."

సోమమ్మ చెంగు తీయలేదు. బాబు బెత్తంతో ఎత్తాడు. ఎత్తి, కుర్చీతో సహా వెనక్కు జరిగాడు. "మాతా! అమ్మవారు!"

వెనకున్న జనం ఇసుకలో పరిగెత్తారు. అందరికంటే ముందు మేస్త్రీ ఏట్లోకి దిగాడు. ముసలయ్య, సోమమ్మ ఇద్దరే మిగిలారు.

"గుడిసెలోకి తీసుకుపో," అని బాబు హిడ్మేను కేకేశాడు.

ముసలయ్య నోరు తెరిచాడు. ఇది అమ్మవారు కాదు, జీడి అని చెప్పాలి. చెబితే తన జబ్బ మీదిది కూడా జీడే అని తేలుతుంది. చీటీ పోతుంది. సోమమ్మకు కళ్ళు కనబడకపోయినా అతను నోరు తెరిచాడని తెలిసింది.

"చెప్పకు," అంది నెమ్మదిగా. "నువ్వు దాటు. నాకు వాపు తగ్గినాక మళ్ళ జట్టుల వస్త. ఇద్దరం ఇక్కడనే ఉండిపోతే ఏం లాభం?"

హిడ్మే వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. సోమమ్మ గుడ్డిదానిలా కాళ్ళు తడుముకుంటూ ఇసుక మీద నడిచిపోయింది. ఆ గుడిసెలో ఉన్నవాళ్ళకు పోసింది నిజం అమ్మవారే అని ముసలయ్యకు తెలుసు. అయినా ఏట్లోకి దిగాడు.

చెదిరినవాళ్ళంతా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అవతలి ఒడ్డున మేస్త్రీ అందరికీ అటుకులూ బెల్లమూ పంచాడు. "తాతా, ఒంటోడివైనా నిన్ను తీస్కపోతలే," అన్నాడు ముసలయ్యతో. "ఏం బెంగ పడకు. మాతా గీతా అన్నీ సముద్రానికి ఈ ఒడ్డునే. సముద్రం దాటితే మన దేవతలెవరూ వెంట రారు. టీకా లేని దేవతను ఓడెక్కనియ్యరు."

కొందరు నవ్వారు. ముసలయ్య అటుకులు చేతిలో పట్టుకుని అవతలికి చూస్తున్నాడు. గుడిసెలోంచి ఇద్దరు మనుషులు చాపలో చుట్టిన దాన్ని మోసుకుంటూ వచ్చారు. పొట్టిగా ఉంది. పిల్లో పిల్లవాడో. సోమమ్మ అయ్యే వీలు లేదు. ఆ సంగతి తెలుస్తూనే ఉన్నా అతను అటుకులు పక్కవాడి చేతిలో పెట్టేశాడు.

"ఏయ్, ఎటురా?" అన్నాడు మేస్త్రీ.

"వస్త," అని ముసలయ్య నీళ్ళలోకి దిగాడు.

పొద్దు వాలుతోంది. టీకా బాబు ఏటి ఒడ్డున తన చిన్న కత్తులు వేడినీళ్ళలో కడుగుతున్నాడు. ముసలయ్య ఎదురుగా వచ్చి జబ్బ చూపించాడు.

"బాబూ, ఇది టీకా కాదు. నల్లజీడి. దానిది కూడా జీడే. అమ్మవారు కాదు."

బాబు లేచి, పెచ్చును గోటితో ఎత్తి చూశాడు. వాసన చూశాడు. ఒక్క దెబ్బ చెంప మీద కొట్టాడు. "సాలే! పొద్దున నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"తప్పయింది. దాన్ని బయటికి పంపు బాబూ."

"ఇప్పుడెట్లా పంపేది? పొద్దున్నుంచి అందులో ఉంది. వాళ్ళ పక్కన కూర్చుంది, వాళ్ళ గాలి పీల్చింది. ఇప్పుడు బయటకు వదిలితే ఊరంతా అంటిస్తుంది." బాబు గొంతు తగ్గింది. "ఆమెకు ఇంతకుముందు టీకా లేదా?"

"లేదు."

"మాతా ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదు."

"అయితే చస్తుంది." బాబు కత్తులు గుడ్డతో తుడిచాడు. "ఇవాళ వేస్తే బతకొచ్చు. అంటుకున్నాక వెంటనే వేస్తే పనిచేస్తుంది. రెండు రోజులు పోయాక వేసినా లాభం ఉండదు. చీటీ ఇటు తే."

ముసలయ్య ఠాణా చీటీ ఇచ్చాడు. బాబు చింపేశాడు. "ఠాణాకు రాసి పంపుతా. ఈ రేవు నువ్వు ఇంక దాటలేవు. నీ పెళ్ళాం పేరు కూడా రాయాలా?"

"దానికి తెలవదు బాబూ. మందు అని చెప్పి పెట్టిన."

బాబు అతని మొహం చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. "ముందు నీకు వేస్తా. చెయ్యి చాపు," అన్నాడు.

గుడిసెలో ఈగలు, వేపాకు వాసన, దాని కింద ఇంకో వాసన. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చల్లో మనుషులు పడుకుని ఉన్నారు. సోమమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. ఒడిలో ఎవరిదో తల ఉంది. దోర్ల పిల్ల, పదేళ్ళుంటాయి, ఒళ్ళంతా పొక్కులు. సోమమ్మ చూడకుండానే ఆ పిల్ల మొహం మీద చెంగుతో ఈగలు తోలుతోంది.

"సోమీ."

"దాటలేదా?"

"దాటి వచ్చిన. చెప్పేసిన."

ఆమె చెంగు విసరడం ఆపింది. "ఒద్దంటి గదా."

"టీకా వేయించుకోవాలె. ఇప్పుడే. లేకపోతే బతకవంటుండు."

"ఒద్దు."

"సోమీ, నా మాట విను. వీళ్ళది నిజం అమ్మవారు."

"నాకు తెలుసు. నా బిడ్డ ఒంటి మీద చూసిన, నాకు తెలవదా? లోపలికి రాంగనే తెలిసింది వాసన." మూసుకుపోయిన కళ్ళతో ఆమె అతని గొంతు వైపు తిరిగింది. "ఏడు నిండనీ. అమ్మ నాకు మాటిచ్చింది. నేను తప్పితే బిడ్డను ఇయ్యది. నేను బతికి ఏం చెయ్యాలె? పొమ్మను ఆయనను."

"బిడ్డ పోయింది సోమీ."

"నువ్వు లేవు గదా అప్పుడు. పోయింది అని నీకెవరు చెప్పిండ్రు?"

టీకా బాబు గుమ్మం దగ్గర వంగి నిలబడ్డాడు. "వెలుతురు పోతోంది. పట్టుకుంటావా, నేను పోనా?"

హిడ్మే చేతిలో నీళ్ళ చెంబు పట్టుకుని ముసలయ్య మొహంలోకి చూస్తోంది.

ముసలయ్య సోమమ్మ వెనక కూర్చున్నాడు. రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాడు. ఆమె మొదట అర్థం కాక ఊరుకుంది. తర్వాత అర్థమై కాళ్ళు తన్నింది. ఒడిలోని పిల్ల పక్కకు జారి మూలిగింది. "ఒద్దయ్యా, ఒద్దు, నీ కాళ్ళు మొక్కుత," అంది. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు ఆమె. కత్తి మొన చర్మం మీద గీసినప్పుడు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి గట్టిబడింది. తర్వాత మెత్తబడిపోయింది. బాబు రెండోది గీసినప్పుడు పట్టుకోవాల్సిన పనే లేకపోయింది.

ముసలయ్య చేతులు వదిలాడు. ఆమె పక్కకు జరిగి, తడుముకుంటూ ఆ దోర్ల పిల్ల తల మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

టీకా వేసిన చోట ఇద్దరికీ పొంగింది, అంటే పట్టింది. జీడి వాపు దిగిపోయి, పొట్టులా తోలు ఊడి, సోమమ్మ మొహం ముందులాగే తేలింది. అమ్మవారు ఆమె జోలికి రాలేదు. కొంచెం జ్వరం వచ్చి పోయింది. దోర్ల పిల్ల చనిపోయింది. ఆ పిల్లను చాపలో చుట్టింది సోమమ్మే. ఆ రోజే నడుముకున్న మూట విప్పి, బియ్యం గుడిసె ముందు ఇసుకలో పోసేసింది. కాకులు వచ్చి తిన్నాయి.

గుడిసె తగలబెట్టి వదిలినప్పుడు ఇద్దరూ ఊరికి నడిచి వచ్చారు. ఏడాది నిండిన రోజు వచ్చింది, పోయింది. ఏటి ఒడ్డుకు ఎవరూ వెళ్ళలేదు. వానలు పడ్డాయి. ముసలయ్య పరుల పొలాల్లో దున్నాడు. సోమమ్మ నాటు వేసింది, కలుపు తీసింది, పూటకింత వండింది. అతనికి పెట్టేది. అడిగినదానికి అవును కాదు అనేది. రాత్రిపూట గుడిసెకు ఆ చివర పడుకునేది. ఒకసారి అతను, "బతికితివి గదా," అన్నాడు. అన్నాక ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఇంకోసారి ఆమే అంది, గంజి వారుస్తూ. "బాబు చేసినందుకు నాకు కోపం లేదు. ఆయన పని అది. నన్ను పట్టుకున్నవి నీ చేతులు."

ముసలయ్య తన చేతులు చూసుకున్నాడు.

వరి కోతలయ్యాక రాఘవులు మేస్త్రీ సంతకు వచ్చాడు. ఉప్పు బస్తాల పక్కన అదే చోట కూర్చుని అవే మాటలు చెప్పాడు. సోమమ్మ ఒక్కతే అతని దగ్గరకు పోయి జబ్బ చూపించింది. ఇంటికి వచ్చి ఆ సంగతి దాచలేదు.

"మేస్త్రీతో పోతున్న," అంది.

"నన్ను రేవు దాటనియ్యరు."

"తెలుసు."

ముసలయ్య పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "అక్కడ నీకెవరున్నరు?"

"ఇక్కడ ఉన్నరా?"

పోయే రోజు ఆమె వెనకే రేవు దాకా నడిచాడు. కొంచెం దూరంగా. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. టీకా బాబు లేడు. బల్ల దగ్గర ఠాణా మున్షీ కూర్చున్నాడు. పాత మున్షీ బదిలీ అయి పోయాడు, ఇతను కొత్త. ఎవరి మొహం ఎవరిదో తెలియదు. గుడిసె ఉన్న చోట ఇసుక నల్లగా ఉంది.

సోమమ్మ జబ్బ చూపింది. మున్షీ తల ఊపాడు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, చెప్పింది.

"ఎవరి మనిషివి?"

"నాకెవరూ లేరు."

"మొగుడు?"

"లేడు."

మేస్త్రీ తన చెప్పుల వారు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. అతనికి ఆడమనిషి కావాలి. మొగుడు అడ్డం వస్తే జైలు. ఏ మాటా తన నోటి నుంచి రానివ్వడు.

మున్షీ కలం ఆపి, దూరంగా నిలబడ్డ ముసలయ్యను చూశాడు. "ఆ మనిషి నీతోటి వచ్చాడు కదా. ఎందుకట్లా చూస్తున్నాడు? ఏయ్, ఇటు రా."

ముసలయ్య వచ్చాడు.

"ఈమె నీ పెళ్ళామా?"

సోమమ్మ అతని వైపు తిరగలేదు. జబ్బ మీద జీడి మచ్చలు నల్లగా, వాటి కింద టీకా గుంటలు తెల్లగా ఉన్నాయి. అవును అంటే చాలు. ఆమెను ఇంటికి పంపిస్తారు, మేస్త్రీని లోపలేస్తారు. గుడిసెకు ఆ చివర ఆమె, ఈ చివర తను. బతికినన్నాళ్ళూ.

"నిన్నే అడిగేది. చెవుడా?"

"కాదు," అన్నాడు ముసలయ్య.

"ఏది కాదు? చెవుడు కాదా, పెళ్ళాం కాదా?"

"పెండ్లాం కాదు. మా ఊరి మనిషి. తోడు వచ్చిన."

మున్షీ చీటీ రాసి సోమమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది, చీర మోకాళ్ళ పైకి దోపుకుని ఏట్లోకి దిగింది. ముందు పోయేవాళ్ళు అప్పుడే నడి ఏటికి చేరారు. వానలకు ఏరు దారి మార్చుకుంది. కుడివైపు పైకి ఇసుకలాగే కనబడుతుంది, అడుగు పెడితే నడుం లోతు దిగిపోతుంది. ఆమె కుడికే పోతోంది.

"ఎడమకు!" అని అరిచాడు ముసలయ్య.

సోమమ్మ ఆగింది. వెనక్కు చూడలేదు. ఎడమకు జరిగి దాటింది.